ఆర్వెల్ టోపీల కొట్టు మూసేసిన పది రోజులు

మా న్యూ గిలియడ్ చర్చికి ఆర్వెల్ పెట్‌వే చేసిన టోపీ లేకుండా వచ్చిన ఆడమనిషిని బోడితలతో వచ్చినట్టే చూసేవారు. అలబామాలోని ఈ మొబీల్ పట్టణంలో అంతమందికి టోపీ పెట్టి, అందరి చేతా దీవెనలు పుచ్చుకున్న మనిషి అతనొక్కడే.

ఆరడుగుల మూడంగుళాల మనిషి. చేతులు చేటలంత. ఆ చేతులతో ఆవగింజంత పూసని నెట్టు గుడ్డ మీద కుడుతుంటే, ఏనుగు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ఉండేది. అతని టోపీల కొట్టు, నా కటింగ్ షాపు పక్కపక్కనే. మధ్యలో పల్చటి చెక్కగోడ. అటు అతను టోపీని అచ్చుకెక్కించి ఆవిరి పడితే, ఇటు నా అద్దాలు చెమర్చేవి. నా పేరు డూలీ ప్రూయిట్. ఈ వీధిలో నల్లవాళ్ళ తలల బాధ్యత మా ఇద్దరిదీ. జుట్టు వరకు నాది, ఆ పైన అతనిది.

ఆర్వెల్ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. అతను సిటీ బస్సు డ్రైవరు హోజియా క్రెన్‌షాతో కలిసి ఉండేవాడు. డెబ్బై నాలుగులో హోజియా ఒక సూట్‌కేసు, ఒక ఇనప మూకుడు పట్టుకుని ఆ ఇంట్లో దిగాడు. ఎవరని చర్చిలో అడిగితే "మా చుట్టం" అన్నాడు ఆర్వెల్. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి ఇరవై రెండేళ్ళయినా కదల్లేదు. ఏ వైపు చుట్టమని జెనోబియా మామ్మ అడిగితే అమ్మవైపని చెప్పాడు. సంఘపెద్ద లోంజో అడిగితే నాన్నవైపని చెప్పాడు. హోజియా అయితే బస్సు ఆఫీసు కాగితాల్లో భార్యవైపు అని రాయించాడట, ఇద్దరిలో ఎవరికీ భార్య లేకపోయినా. చర్చి డెబ్బై అయిదేళ్ళ పండుగకి కుటుంబాల పుస్తకం అచ్చు వేద్దామని కూర్చున్న ఆడవాళ్ళు ఈ వరసలన్నీ కలిపి చూస్తే, హోజియా తనకి తానే మేనమామ అయ్యాడు. ఆ పేజీ వదిలేసి ముందుకు పోయారు.

ఆర్వెల్ ఎలాంటివాడో తెలియాలంటే అతని పదహారో ఏటి సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడు నాకు ఇరవై. మా నాన్న షాపులో రెండో కుర్చీ దగ్గర కొత్తగా కత్తెర పట్టాను. ఒక శనివారం మధ్యాహ్నం, షాపు కిటకిటలాడుతుండగా, ఆర్వెల్ వాళ్ళ నాన్న రూఫస్ కొడుకుని మెడ పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. రూఫస్ అంటే చర్చిలో కానుకల పళ్ళెం తిప్పే పెద్దమనిషి.

"వీడి నడక చూడండయ్యా! నడుస్తున్నాడా, నీళ్ళ మీద తేలుతున్నాడా?" అన్నాడు. "ఊళ్ళో ఇంతమంది మగాళ్ళు ఒక్కచోట కూర్చునేది ఇక్కడే. మగాడెలా నడుస్తాడో మీరే నేర్పండి."

షాపులో మగాళ్ళంతా ఒక్కసారిగా మాస్టర్లయిపోయారు. ముందు రేవులో బస్తాలు మోసే టీ-ఓటిస్ లేచి, దొడ్డికాళ్ళతో, రెండు మోకాళ్ళ మధ్య పీపా ఇరుక్కున్నట్టు నడిచి చూపించాడు. "అది నడకా, ప్రసవమా?" అని లూషస్ అతన్ని కూర్చోబెట్టి తను లేచాడు. లూషస్‌కి కొరియా యుద్ధంలో తుంటి దెబ్బతింది. అతను నడిస్తే ఒక అడుగు ముందుకి, ఒక అడుగు ఈశాన్యానికి పడుతుంది. మూడోవాడికి అరికాళ్ళ నిండా ఆనెకాయలు. నిప్పుల గుండం తొక్కుతున్నట్టు తొక్కాడు. ఆ వయసులో నాకు నేనే పెద్ద మొనగాణ్ణి కాబట్టి, నేనూ భుజాలు ఊపుకుంటూ ఒక చుట్టు తిరిగి, వెళ్ళి టోపీల స్టాండుకి గుద్దుకున్నాను.

ఆర్వెల్ అన్నీ శ్రద్ధగా చూశాడు. తర్వాత లేచి, ఒక్కొక్కరి నడకా నడిచాడు. టీ-ఓటిస్ పీపా, లూషస్ ఈశాన్యం, ఆనెకాయలు, నా భుజాలు, ఒక్క వెంట్రుక తేడా లేకుండా. జనం కుర్చీల్లోంచి కిందపడి నవ్వారు. ఆఖరికి అతను ఒక చేయి ముందుకి చాపి, చిటికెన వేలు పైకెత్తి, నడుము అటో వంపు ఇటో వంపు తిప్పుతూ, పెళ్ళికూతురు నడిచినట్టు షాపు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళాడు.

"ఇదెవరిదిరా?" అన్నాడు రూఫస్, అనుమానంగా.

"మీదే నాన్నా. కానుకల పళ్ళెం పట్టుకున్నప్పటిది."

నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అది నిజం. రూఫస్ కొడుకుని తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తలుపు దాకా చాలా జాగ్రత్తగా, కర్రలా బిగుసుకుని నడిచాడు పాపం.

నేల ఊడుస్తూ మా నాన్న అన్నాడు: "రూఫస్‌ని చూసి నవ్వకురా. వాడికి యాభై ఏళ్ళు. ఇవాళ్టికీ మిల్లులో తెల్ల కుర్రాడు వాణ్ణి 'ఒరే అబ్బాయ్' అనే పిలుస్తాడు. మగతనం అంటే మనకి ఆదివారం సూటు లాంటిది. ఒక్కటే ఉంది. అందుకే దాని మీద మరక పడుతుందేమోనని అంత కంగారు." ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు. తర్వాత కూడా చాలా ఏళ్ళు ఎక్కలేదు.

ఆర్వెల్ న్యూ ఆర్లియన్స్ వెళ్ళి ఒక ముసలావిడ దగ్గర టోపీల పని నేర్చుకుని వచ్చాడు. డెబ్బై ఎనిమిదిలో నా పక్క కొట్టు తీసుకున్నాడు. తరవాత ఎనభైల్లో ఒక చెడ్డకాలం వచ్చింది. జెనోబియా మామ్మ మనవడు డెరియస్, మా కాయర్‌లో సన్న గొంతుతో పాడేవాడు, అట్లాంటా నుంచి ఎముకల గూడై తిరిగొచ్చాడు. ఎయిడ్స్ అనే మాట నోట రానివ్వక, నిమోనియా అన్నాం అందరం. ఆ ఇంట్లో గ్లాసుతో నీళ్ళు తాగడానికి కూడా భయపడి, వాకిట్లోనే నిలబడి ప్రార్థన చేసి వచ్చేవాళ్ళం. లోపలికి వెళ్ళింది ఆర్వెల్, హోజియా ఇద్దరే. ఏడు నెలలు వంతులు వేసుకుని చూశారు. పిల్లవాడు పోయే ముందు నెత్తి మీద జుట్టు మిగల్లేదని, ఆర్వెల్ అతనికి ముదురు నీలం టోపీ ఒకటి కుట్టాడు. ఆ టోపీతోనే పెట్టెలో పెట్టారు. నేను ఆ ఇంటి గుమ్మం దాటలేదు. ఈ కథలో నవ్వకూడని ముక్క ఇదొక్కటే. చెప్పకుండా ఉండలేను కాబట్టి చెప్పాను.

ఇక తొంభై ఆరో సంవత్సరం. మా పాత పాస్టరు గారు రిటైరై, కొత్తాయన వచ్చాడు. థాడియస్ బీస్లీ. ముప్ఫై నాలుగేళ్ళు, ఇస్త్రీ మడత నలగని మనిషి, గొంతు పెద్ద గంట. వచ్చిన ఆరు నెలలకి, ఈస్టరు ఇంకా రెండు వారాలుందనగా, ఒక ఆదివారం మైకు పట్టుకుని, బైబిల్లోంచి ఒక వాక్యం తీసి, "మెత్తని మగాళ్ళు" అని మొదలుపెట్టాడు. సంఘానికి చెద ఎక్కడి నుంచి పడుతుందో చెప్పాడు. "దూరం వెళ్ళి వెతకక్కర్లేదు! ఈ గోడల మధ్యే, మూడో వరస చుట్టుపక్కలే!" అని గర్జించాడు. మూడో వరసలో ఆర్వెల్ కూర్చుని ఉన్నాడు.

మా చర్చిలో ఒక అలవాటుంది. పాస్టరు గొంతు లేపి ఆపాడంటే, ఏం చెప్పాడన్నదాంతో పని లేకుండా అందరూ "ఆమెన్" అంటారు. ఒకసారి ఆయన "బయట ఎవరి కారు లైట్లో వెలుగుతున్నాయి" అన్నా ఆమెన్ అన్నాం. ఆ రోజూ అలాగే ఆమెన్ అన్నాం. ఆర్వెల్ పక్కన నిద్రపోతున్న హోజియా కూడా ఉలిక్కిపడి లేచి, అందరికన్నా గట్టిగా "ఆమెన్!" అన్నాడు.

ఆర్వెల్ చివరి పాట దాకా కూర్చుని, అందరితో చేతులు కలిపి ఇంటికి వెళ్ళాడు. సోమవారం పొద్దున నేను షాపు తెరిచేసరికి పక్క కొట్టుకి తాళం. అద్దం మీద ఒక అట్టముక్క: "మెత్తని చేతులకి విశ్రాంతి."

లోపల ఈస్టరు టోపీలు నలభై ఏడున్నాయి.

పది గంటలకల్లా వీధి నిండిపోయింది. ఆడవాళ్ళు గాజు తలుపుకి ముక్కులు ఆనించి లోపలికి చూడటం మొదలుపెట్టారు. "అదిగో నాది! ఆ గులాబీ రంగుది!" "నాదేదీ? ఆ నెమలి ఈక నాదేనా?" ఈస్టరు టోపీ అంటే పండుగ రోజు దాకా ఎవరికీ చూపించని రహస్యం. ఇప్పుడు అందరివీ అందరికీ కనిపించేశాయి. పోస్టాఫీసు ఫ్లోరెల్లాది, కాయర్ లీడరు ఎస్టర్‌లీన్‌ది ఇద్దరివీ ఊదారంగేనని బయటపడింది.

"నన్ను చూసి కాపీ కొట్టావు," అంది ఫ్లోరెల్లా.

"నీ తలకి కాపీ కొట్టేంత సీనుందా?" అంది ఎస్టర్‌లీన్.

నేను మధ్యలోకి వెళ్ళి విడదీయబోయి ఒక హ్యాండ్‌బ్యాగు దెబ్బ తిన్నాను. లోపల బైబిలు ఉన్నట్టుంది.

మంగళ, బుధవారాలు గడిచాయి. తాళం తాళంగానే ఉంది. కొందరు సొంతంగా టోపీలు చేసుకుందామని చూశారు. ఒకావిడ పడకగది దీపం మీది గొడుగుకి పూలు అంటించి వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది కానీ తల తిప్పలేకపోయింది, లోపల తీగ ఇంకా ఉంది.

గురువారం నుంచి స్టవ్వులు పాడవడం మొదలైంది. మా సంఘంలో పాస్టరు గారికి రోజుకొక ఇంటి నుంచి వంతుల వారీగా భోజనం వెళ్తుంది. ఆ రోజు వంతు ఎస్టర్‌లీన్‌ది. "స్టవ్ చెడిపోయిందండీ" అంది. శుక్రవారం ఫ్లోరెల్లా స్టవ్ చెడింది. ఆదివారానికల్లా మొబీల్‌లో న్యూ గిలియడ్ వాళ్ళ స్టవ్ ఒక్కటీ వెలగడం లేదు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు పాస్టరు గారు పాపం, స్టవ్వుల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశాడు. అందరం ఆమెన్ అన్నాం. ఇంట్లోనూ ఆయనకి దిక్కు లేదు. వాళ్ళావిడ వెనెట్టా బడిలో లెక్కల టీచరు, ఆ నలభై ఏడింటిలో అన్నిటికన్నా పెద్దది, నిమ్మపండు రంగుది, ఆవిడదే. ఆవిడ ఆయనతో మాట్లాడటం మానేసి, కావలసినవి చీటీల మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తోందట.

మొదట్లో ఇదంతా టోపీల కోసమేనని ఒప్పుకోవాలి. ఆర్వెల్ కోసమని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ సోమవారం చర్చి కింద హాల్లో మీటింగు పెట్టారు. అక్కడ మాట మారింది.

జెనోబియా మామ్మకి అప్పుడు ఎనభై రెండు. చేతికర్ర నేలకి తాటించి లేచింది. "పాస్టరు గారూ, మూడో వరస అన్నారు. మూడో వరసలో ఎవరు కూర్చుంటారో మీకు తెలుసా?"

"నేను ఎవరి పేరూ చెప్పలేదమ్మా. వాక్యం చెప్పాను," అన్నాడాయన.

"వాక్యం నాకు చెప్పకు నాయనా. నువ్వు పుట్టకముందే నాకు కంఠతా వచ్చు. తిండిపోతుల గురించి కూడా అందులోనే ఉంది. పోయిన నెల మా ఇంట్లో ఏడు కోడి ముక్కలు తిన్నదెవరు? నేనేమైనా మైకులో చెప్పానా?"

సంఘపెద్ద లోంజో లేచాడు. పాస్టరుకి ఆ వాక్యం చెవిలో వేసింది ఇతనే. "అసలు సంగతి అది కాదు మామ్మా. ఈ చర్చికి మగాళ్ళే రావడం లేదు. వచ్చేవాళ్ళు ఇలాంటివాళ్ళయితే బయటివాళ్ళు నవ్వరూ? ఇప్పటికే మనల్ని చూసి నవ్వేవాళ్ళు తక్కువా?"

"మగాళ్ళు రాకపోవడానికి ఆర్వెల్ కారణమా?" అంది మామ్మ. "దీని మొగుడు చేపలకెళ్ళాడు. దాని కొడుకు జైల్లో ఉన్నాడు. ఆవిడ అల్లుడు టీవీలో బంతాట చూస్తున్నాడు. వానొచ్చినా వరదొచ్చినా తెల్లచొక్కా వేసుకొచ్చే మగాడు ఒక్కడుంటే వాణ్ణి తరిమారు! పాపమంటారా, సరే పాపమే అనుకుందాం. అది మన పాపం. మనింటి పిల్లాడు. నిన్నగాక మొన్నొచ్చిన మనిషి మనింటి పిల్లాణ్ణి వీధిలో నిలబెట్టి తిడితే నేను ఆమెన్ అన్నాను. నా నోరు పడిపోను!"

చెప్పి కూర్చుంది.

ఆర్వెల్ ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఏటా వసంతంలో వాళ్ళిద్దరూ డాఫిన్ దీవికి చేపలకి వెళ్తారు. బుధవారం పొద్దున నా వ్యాన్‌లో జెనోబియా మామ్మని, పాస్టరమ్మ వెనెట్టాని ఎక్కించుకుని బయల్దేరాను. దారంతా మామ్మ తను ఏం చెప్పాలో వల్లె వేసుకుంది. వెనెట్టా నా డ్రైవింగులో తప్పులు లెక్కపెట్టింది. పదకొండు వచ్చాయి.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన చెక్క వంతెన చివర ఆర్వెల్ మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. నెత్తిన గడ్డి టోపీ. పక్కన హోజియా గాలం చేత్తో పట్టుకుని నిద్రపోతున్నాడు. ఎరని ఏదో తినేసి వెళ్ళిపోయినట్టుంది.

"నాయనా ఆర్వెల్," అంది మామ్మ. "టోపీలు..."

"రెడీ మామ్మా. నలభై ఏడూ రెడీ. శనివారం తాళం తీసేవాణ్ణే. ఈస్టరుకి నిన్ను బోడితలతో పంపిస్తానా?"

"మరి ఈ పది రోజులూ మా ప్రాణాలు తోడేశావు కదరా!"

"హోజియాకి సెలవు దొరికింది. నాకు నడుం నొప్పి." గడ్డి టోపీ కొంచెం వెనక్కి జరిపాడు. "పాస్టరు గారి మాటలు నన్నేం చెయ్యలేదు మామ్మా. అవి పుట్టినప్పటి నుంచీ వింటున్నా. మాటకి మాట నేనే అప్పజెప్పగలను. కానీ ఆ ఆమెన్‌లున్నాయి చూడు. ఒక్కొక్క గొంతూ గుర్తుపట్టాను. వాళ్ళందరి తలల కొలతలూ నాకు తెలుసు కదా. నీ గొంతు కూడా ఉంది."

మామ్మ వల్లె వేసుకొచ్చిందంతా మరిచిపోయింది. "అలవాటులో వచ్చేసింది నాయనా," అంది చిన్నగా. "నా డెరియస్‌ని నీ చేతుల్లో పెట్టినదాన్ని. నా నోటితో ఎలా వచ్చిందో నాకే తెలీదు."

"తెలుసులే. ఈయన గొంతు కూడా ఉంది అందులో," అని ఆర్వెల్ హోజియా కాలు తన్నాడు. "ఈయన సంగతి ఇంటికెళ్ళాక చూశాను."

"నేను నిద్రలో అన్నాను," అన్నాడు హోజియా, కళ్ళు తెరవకుండా.

"సరే, పద ఇంటికి," అంది మామ్మ, కళ్ళు తుడుచుకుని. "అంతా ఎప్పటిలాగే ఉందాం. మాకేం తెలీదు, నువ్వేం చెప్పలేదు."

ఆర్వెల్ తల అడ్డంగా ఊపాడు. "ఎప్పటిలాగా వద్దు. నిన్న లూషస్ కూతురు ఫోన్ చేసి చెప్పింది, 'మన పాపం' అన్నావట మీటింగులో. నేను నీ పాపాన్నా మామ్మా? నీ టోపీలవాణ్ణి. నాకు పెద్ద కోరికలేం లేవు. ఒక్కటే. ఇకనుంచి ఈయన్ని చుట్టం అనొద్దు."

"మరేమనాలి?"

"హోజియా అను. వాళ్ళమ్మ పెట్టిన పేరే."

ఇదేమంత కష్టం అనుకుంటారు. ఇరవై రెండేళ్ళ అలవాటు. మామ్మ గొంతు సవరించుకుంది. "బాబూ ఆర్వెల్, మీ చు... మీ చుట్... హుం. హోజియా బాగున్నాడా?"

"బాగున్నాను మామ్మా," అన్నాడు హోజియా. ఈసారి కళ్ళు తెరిచాడు.

తిరిగి వెళ్ళబోతుంటే ఆర్వెల్ నన్ను ఆపాడు. "డూలీ, మన మధ్య గోడ ఎంత మందమో తెలుసా?"

"అరంగుళం ఉంటుందేమో."

"అంతకన్నా తక్కువ. పద్దెనిమిదేళ్ళుగా నీ షాపులో నా మీద వేసిన జోకులన్నీ విన్నాను. వేసినవాళ్ళు వేరు కావచ్చు, నవ్వినవాడివి నువ్వు." నేను జేబులో వ్యాను తాళాల కోసం వెతికాను. "మొత్తం మీద మూడు బాగున్నాయి," అన్నాడు. "మిగతావన్నీ చెత్త. కనీసం మంచివి వెయ్యమని చెప్పు."

ఇంటికి వచ్చేటప్పుడు వెనెట్టా నా తప్పులు లెక్కపెట్టలేదు. ఆ లెక్క ఆర్వెల్ తేల్చేశాడనుకుందేమో.

గురువారం కొట్టు తెరిచాడు. మధ్యాహ్నం పాస్టరు బీస్లీ క్షవరానికి నా దగ్గరికి వచ్చాడు. మనిషి తగ్గాడు, కాలరులో మెడ గంటలో నాలికలా ఊగుతోంది. గుడ్డ కప్పగానే మొదలుపెట్టాడు. "బ్రదర్ డూలీ, మా నాన్న కూడా పాస్టరే. మొదటి సంవత్సరం ఇనుములా ఉండకపోతే సంఘం నెత్తికెక్కుతుందని చెప్పాడు. పెద్దలేమో మగాళ్ళని వెనక్కి రప్పించమన్నారు. నేనేం చెయ్యాలి?"

"ముందు ఏదైనా తినండి," అన్నాను. నాకంతకన్నా వేదాంతం రాదు.

ఆయన జేబులోంచి ఒక చీటీ తీశాడు. ఫ్రిజ్ మీది చీటీ. "టోపీ మీరే తేవాలి. మీరే. – వెనెట్టా." లెక్కల టీచరు కదా, కింద రెండు గీతలు గీసింది.

క్షవరం అయ్యాక, నేను తర్వాతవాడి తల మొదలుపెట్టేసరికి, పక్క కొట్టులోకి వెళ్ళాడు. నేను మిషను ఆపేశాను. గోడకి చెవి పెట్టానని చెప్పుకోవడానికి సిగ్గుపడను, షాపులో ఉన్న ఆరుగురూ పెట్టారు.

"మా ఆవిడ టోపీ..." అని పాస్టరు గొంతు.

"రెడీ. ఇదిగోండి."

ఆవిరి బుస కొట్టింది. పాస్టరు గొంతు తగ్గింది. "ఆ రోజు నేను మీ గురించని కాదు..."

"నా గురించే చెప్పారు, పాస్టరు గారూ. అందరికీ తెలుసు, మీకూ తెలుసు. ఈకలు జాగ్రత్త."

"దీనికి పెట్టె ఉందా?"

"ఇంత పెద్దదానికి పెట్టె ఎవరూ చెయ్యరు. చేత్తో పట్టుకుంటే అంచు వంగుతుంది. మీ కారులో పట్టదు. ఒక్కటే దారి."

రెండు నిమిషాల తర్వాత పాస్టరు థాడియస్ బీస్లీ మా కిటికీ ముందు నుంచి వెళ్ళాడు. నల్ల సూటు, నల్ల టై, నెత్తిన నిమ్మపండు రంగు టోపీ. బండి చక్రమంత అంచు, పైన అయిదు ఉష్ట్రపక్షి ఈకలు. సముద్రం మీంచి గాలి వీస్తోంది. ఈక ఒక్కటి వంగినా ఇంట్లో బతకలేడు కాబట్టి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, మెడ కదపకుండా, నడుము మాత్రం గాలివాటానికి అటూ ఇటూ తిప్పుకుంటూ, పాదం మీద పాదం వేసి ఆరు వీధులు అలా నడిచి వెళ్ళాడు. కార్లు ఆగిపోయాయి. నా షాపులో ఒక్కరూ నవ్వలేదు. నవ్వడానికి ఊపిరి ఉంటే కదా.

ఈస్టరు నాడు చర్చి పూలతోటలా ఉంది. బలిపీఠం చుట్టూ పెట్టే లిల్లీ కుండీలు ఎవరెవరిచ్చారో జెనోబియా మామ్మే మైకులో చదువుతుంది. ఏటా "ఆర్వెల్ పెట్‌వే, వారి చుట్టం" అని చదివేది. ఆ రోజు కళ్ళజోడు తుడుచుకుంది, గొంతు సవరించుకుంది. "రెండు కుండీలు. ఆర్వెల్ పెట్‌వే, హోజియా క్రెన్‌షా. ఇద్దరూ." అని ఆగింది. గొంతు ఆగిందంటే మాకు అలవాటు ఉంది కదా. కానీ ఈసారి ఎవరికీ వెంటనే నోరు రాలేదు. ఏం అంటున్నామో తెలిసి అనాల్సి వచ్చింది. ముందు వెనెట్టా అంది "ఆమెన్" అని. తర్వాత ఫ్లోరెల్లా, ఎస్టర్‌లీన్ ఒకేసారి అన్నారు, ఒకే ఊదారంగులో. తర్వాత నేనన్నాను. అందరూ అనలేదు. లోంజో కుటుంబంతో సహా లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకో కుటుంబం కూడా వెళ్ళింది. ఆ రెండో ఇంటావిడ మాత్రం తల్లుల దినానికి టోపీ కావాలని మేలో ఒంటరిగా తిరిగొచ్చింది.

పాస్టరు గారు ఆ వాక్యం మళ్ళీ ఎత్తలేదు. మనసు మారిందా, కోడి మీద ప్రేమా అన్నది నేను చెప్పలేను. ఆర్వెల్‌కి క్షమాపణ అయితే చెప్పలేదు. కానీ వేసవిలో హోజియాకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రికి వెళ్ళి, ప్రార్థన చేసి, ఆర్వెల్ కోసం కింద క్యాంటీన్ నుంచి కాఫీ తెచ్చాడట. చక్కెర వెయ్యడం మరిచిపోయాడని ఆర్వెల్ నెల రోజులు చెప్పుకున్నాడు.

లోంజోకి కోపం చర్చి మీదే గానీ నా కత్తెర మీద లేదు. జూన్‌లో కటింగ్‌కి వచ్చాడు. సగం తల అయ్యాక గోడ వైపు చూపించి, పాత జోకు ఒకటి మొదలుపెట్టాడు. నేను మిషను ఆపి పక్కన పెట్టాను.

"ఏమైంది?" అన్నాడు.

"మిషను వేడెక్కింది. ఆ జోకు వెనక్కి తీసుకుంటే చల్లబడుతుంది."

"నువ్వు కూడానా డూలీ! నలభై ఏళ్ళ స్నేహం మనది!"

"అందుకే సగమైనా కొట్టాను."

లోంజో మొండివాడు. కుడివైపు గుండు, ఎడమవైపు అడవితో ముప్పావు గంట కూర్చున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళంతా అతన్ని రెండు వైపుల నుంచీ చూసి, రెండు రకాలుగా పలకరించారు. ఆఖరికి "సరేలే, జోకు కూడా అంత బాగా లేదు" అని గొణిగాడు. అవతల నుంచి ఆర్వెల్ గొంతు స్పష్టంగా వినిపించింది: "అస్సలు బాగా లేదు!" నేను మిషను ఆన్ చేశాను.

లోంజో మనసు మారిందని అనను. ఇంకో చర్చిలో పెద్దరికం దొరికింది, అక్కడే ఉన్నాడు. నా షాపులో మాత్రం నోరు అదుపులో పెట్టుకునేవాడు. నేను గుమ్మం దాటని ఆ ఇంటి గురించి ఆర్వెల్‌తో ఒకరోజు మాట్లాడాను. అతను టోపీ అంచుకి రిబ్బను కుడుతూ అంతా విన్నాడు. "ఆలస్యంగా వచ్చినా వచ్చావు, ఈ దారం పట్టుకో," అన్నాడు. సాయంత్రం దాకా పట్టుకున్నాను.

జెనోబియా మామ్మ తొంభై ఒకటో ఏట పోయింది. ఆర్వెల్ కొట్టు అమ్మేసి చాలా ఏళ్ళయింది, చేతివేళ్ళు వంగడం లేదు. హోజియా బస్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కాలక్షేపానికి మగవాళ్ళ కాయర్‌లో చేరాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు ఇంజను పక్కన కూర్చున్న మనిషికి ఒకే స్వరం వచ్చు, అదీ రెండో గేరుది. పాట ఎక్కడికి వెళ్ళినా ఆయన అక్కడే ఉంటాడు. ఈ మధ్య సోలో పాట ఇమ్మని అడుగుతున్నాడు. ఆ మగవాళ్ళ కాయర్ నడిపే కుర్రాడు ఆర్వెల్ దగ్గరికి వెళ్ళి, "మీరైనా చెప్పండి, మీ మాట వింటాడు" అని బతిమాలాడు.

"యాభై ఏళ్ళు కాపురం చేశాను, ఆ గొంతు నాకు బాగానే ఉంటుంది," అన్నాడు ఆర్వెల్. వచ్చే నెల మొదటి ఆదివారం హోజియా పాడుతున్నాడు. మూడో వరసలో ఆర్వెల్ పక్కన చోటు ఖాళీగానే ఉంది, ఎవరైనా రావచ్చు.